మామ విజిల్ ఊదేదాకా

నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఒక్క మాట. లుక్. నవ్వకండి. ఆ ఒక్క మాటను పట్టుకునే రైల్వే గ్యాంగులో చేరిన రోజు నుంచి నిరుడు రిటైరయ్యేదాకా నెట్టుకొచ్చాను. బళ్ళో చదివింది అరవం. తెలుగు అక్షరాలు మా నాయన మగ్గం గుంట పక్కన కూర్చోబెట్టి దిద్దించినవి. ఆ అక్షరాలతోనే తిరుత్తణిలో మా ఇంటి వసారాలో కూర్చుని ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి, నాతో వాదానికి మాత్రం రాకండి.

కొత్తగా గ్యాంగులో చేరిన ఆడపిల్లలు ఇద్దరు మొన్న ఇంటికొచ్చారు. "అక్కా, మమ్మల్ని లుక్ అవుట్‌లో వేసినారు, సుళువు పనే కదా?" అని అడిగారు. కాఫీ ఇచ్చి పంపాను కానీ ఆ రాత్రంతా ఒళ్ళు మండుతూనే ఉంది. సుళువు పనట! వాళ్ళ కోసమే ఈ రాత.

గ్యాంగంటే పట్టాల మీద పని చేసే జట్టు. కంకర ఎగదోయడం, పట్టాలను మోసే స్లీపర్ల కింద గట్టిపరచడం, వదులైన బిగింపులు సరిచేయడం. అరక్కోణం, తిరువళ్ళూరు మధ్య మాది నాలుగు లైన్ల దారి. ఒక లైను మీద మనం వంగి పని చేస్తుంటే పక్క లైను మీద గూడ్సు వెళుతుంటుంది, ఆ పక్కన ఎక్స్‌ప్రెస్. ఎటు నుంచి ఏది వస్తుందో వంగినవాడికి తెలియదు. అందుకని ఇటొకరు, అటొకరు నిలబడి, బండి కనబడగానే విజిల్ ఊదాలి. వాళ్ళే లుక్ అవుట్.

మేస్త్రి సెలవు పెడితే ఆ పని తాత్కాలికంగా చూసేవాడు లుక్ ఆఫ్టర్. ఆడవాళ్ళం బట్ట మార్చుకోవడానికి మరుగు కావాలి సారూ అంటే ఆఫీసరు లుక్ ఇన్‌టు చేస్తానన్నాడు. ఆయన మారాడు, తరువాతాయనా మారాడు, లుక్ ఇన్‌టు మాత్రం నేను దిగిపోయేదాకా నడుస్తూనే ఉంది. తిరువాలంగాడు ప్లాట్‌ఫారం మీద కుర్రాళ్ళు కాలేజీ పిల్లల వంక చూస్తే మా వాళ్ళు "లుక్కు విడ్రాన్ పార్", అంటే చూడు లుక్కేస్తున్నాడు అని, అరవంలో ఎకసెక్కాలాడేవారు. మా అమ్మాయి ఒకసారి టీవీలో ఎవడో బ్యాంకు దొంగ మీద లుక్ అవుట్ నోటీసు అని చూసి, "అమ్మా, నీ ఉద్యోగం పేరు దొంగోళ్ళకు పెట్టినారే!" అని పడీ పడీ నవ్వింది.

ఇంకొక లుక్ ఉంది. అది మా ఇంటికి కాగితం మీద వచ్చింది. ఓవర్‌లుక్. వస్తున్న బండిని ఓవర్‌లుక్ చేసినందువల్ల ప్రమాదం జరిగిందని రాశారు. ఆ బండి కింద పడ్డది మా ఆయన. పోయినవాడే సరిగ్గా చూసుకోలేదన్నట్టు రాశారు. ఆ రోజు లుక్ అవుట్‌లో నిలబడ్డ మనిషికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆ మాట ఏ కాగితంలోనూ లేదు. మా ఆయన ఉద్యోగమే నాకిచ్చారు. అదే లైను, అదే కంకర.

జ్వరమున్నవాణ్ణి అక్కడెందుకు నిలబెట్టారంటారా? మా గ్యాంగులో అదొక ఆనవాయితీ. నడుం పట్టేసినవాడికి, ముందు రాత్రి పెళ్ళిలో నిద్ర లేనివాడికి, రిటైర్‌మెంటు దగ్గరపడ్డ పెద్దవాడికి లుక్ అవుట్ ఇచ్చేవారు. "పాపం, ఈ పూట ఊరికే నిలబడనీ" అనేవారు. అందరూ మంచివాళ్ళే, అందరిదీ దయే. ఆ దయను నేనిప్పటికీ క్షమించలేదు.

ఇక మామ సంగతి. గ్యాంగులో అందరికీ ఆయన మామే. నాకు పార పట్టడం నేర్పినవాడు. మా ఆయన పోయిన కొత్తలో నేను పట్టాల మీద కాలు పెట్టలేక నిలబడిపోతే, చెయ్యి పట్టుకుని ఒక్కొక్క స్లీపరూ దాటించినవాడు. ఆయన కూతుర్ని చేసుకున్నవాడు కూడా మా గ్యాంగులోనే. వాణ్ణి అందరం అల్లుడనే పిలిచేవాళ్ళం. బలమైనవాడు, మాట తూలేవాడు, మామంటే ప్రాణం పెట్టేవాడు. మామకు ఇంకా నాలుగు నెలల సర్వీసుందనగా, ఆనవాయితీ ప్రకారం ఆయన్ను రోజూ తిరువళ్ళూరు వైపు లుక్ అవుట్‌లో వేశారు. అరక్కోణం వైపు నేను.

అవి మంచు రోజులు. పొద్దున్నే అందరం చెవుల మీదుగా తువ్వాలు బిగించి కట్టుకునేవాళ్ళం. మామకైతే చలి అస్సలు పడదు. నాలుగు మంచు చుక్కలు పడితే చాలు, కోతి టోపీ వేసుకుని దాని మీద తువ్వాలు కట్టేవాడు. అలాంటి మనిషి ఆ వారమంతా విజిల్ నోట పెట్టుకుని, చెవులు రెండూ విప్పుకుని నిలబడుతున్నాడు. మొదట నాకు నవ్వొచ్చింది. మర్నాడు టీ కొట్టు దగ్గర ఆయన గ్లాసును బల్ల అంచుకు అవతల గాలిలో పెట్టాడు. గ్లాసు పగిలింది. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. నేను మాత్రం గాజు పెంకులు ఏరుతూ ఆయన కళ్ళ వంకే చూశాను.

సాయంత్రం స్టేషనుకు నడిచి వెళ్ళేటప్పుడు ఆయన్ను పక్కకు పిలిచాను.

"మామా, నీకు కండ్లు అగపడతా ఉండాయా?"

ఆయన నడక ఆగింది. "ఎవురు చెప్పింది నీకు?"

"ఎవురూ చెప్పలా. చెవులు విప్పుకుని యాల నిలబడతా ఉండావు?"

వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చెవి పెట్టి విన్నాడు. తరువాత నా చెయ్యి పట్టుకున్నాడు. "మబ్బు పట్టినట్టు ఉండాది పాపా. ఎండకు ఎదురు నిలబడితే అంతా తెల్లగా అయిపోతాది. బండి సద్దు నాకు బాగా తెలుస్తాది లే. ఇన్నేండ్ల పని. నాలుగు నెలలు ఓర్చుకో. మెడికల్‌కు పంపినారంటే అన్‌ఫిట్ అని రాసి ఇంటికి తోలేస్తారు. పరువుగా దండ ఏసుకుని దిగిపోతా."

"పక్క లైన్‌లో గూడ్సు పోతా ఉంటే ఏం సద్దు ఇనపడతాది మామా?"

ఆయన నా చెయ్యి వదిలి నడక సాగించాడు. నేను మాత్రం ఏం చేసేది? చెబితే నాకు అన్నం పెట్టిన చేతిని నరికినట్టు. చెప్పకపోతే ఎనిమిది మంది వంచిన వీపులు ఆయన చూడని బండి ముందు. చివరికి, "రేపు పొద్దున నువ్వే మేస్త్రికి చెప్పు. నువ్వు చెప్పకుంటే నేను చెప్తా" అన్నాను. ఇంటికెళ్ళి వండిన అన్నం అలాగే వదిలేశాను.

పొద్దున మామ చెప్పలేదు. ఇత్తడి విజిల్ మెడలో వేసుకుని, ఎర్ర జెండా చంకన పెట్టుకుని తన చోటికి బయలుదేరాడు. మా మేస్త్రి సెలవులో ఉన్నాడు. లుక్ ఆఫ్టర్‌గా ఉన్నవాడు మెత్తని మనిషి, ఎవరి మాటా కాదనలేడు. ఆయన ముందుకెళ్ళి అందరూ వింటుండగానే చెప్పేశాను. చాటుగా చెబితే దాన్ని చాటుగానే కప్పెట్టేస్తారని నాకు తెలుసు.

గ్యాంగంతా నా మీద పడింది. అందరికంటే ముందు అల్లుడు.

"మామకు కండ్లు లేవా? నోరు ఎట్ట వచ్చింది అక్కా నీకు? ఆయన నేర్పిన పనితో కూడు తింటా, ఆయన మీదే పెడతావా?"

"లేవని అనలా. బండి అగపడదు అంటా ఉండా."

"తెలుసులే నీ కథ. రొండు పక్కలా నీవోళ్ళే నిలబడాల. సుళువు పని కావాల్నా నీకు?"

నేను మామ వంక చూశాను. మామ నేల చూస్తున్నాడు. "మామా, నువ్వే చెప్పు" అన్నాను. ఆయన నోరు తెరిచాడు, అల్లుడి ముఖం వైపు తిరిగాడు, మూసుకున్నాడు. అంతమందిలో అల్లుడి ముందు ఆ మాట ఆయన నోటికి రాలేదు.

లుక్ ఆఫ్టర్ మేస్త్రి మధ్యలోకి వచ్చాడు. "వేణాం పా, సండ వేణాం" అని, గొడవ వద్దని చేతులు ఊపి, చివరికి ఒక ఉపాయం చెప్పాడు. పని మొదలుపెట్టొద్దు. గడ్డపారలన్నీ లైను దించేయాలి. అందరూ పక్కన నిలబడాలి. మామ తన చోట నిలబడి, వచ్చే బండిని చూసి విజిల్ ఊదాలి. ఊదితే గొడవ లేదు. ఊదకపోతే అప్పుడు చూద్దాం. నాకది న్యాయంగానే తోచింది. ఎవరూ లైను మీద లేరు కదా, ఎవరికేమవుతుంది అనుకున్నాను.

అందరం దిగాం. అల్లుడు దిగలేదు.

పట్టాల మధ్య స్లీపరు మీద నిలబడి చేతులు కట్టుకున్నాడు. తిరువళ్ళూరు వైపుకు వీపు పెట్టాడు. "మామ ఊదినాకే దిగుతా. ఇంగెవురు ఊదినా కదల్ను. మామ మింద నాకు నమ్మకం ఉండాది" అన్నాడు.

మేస్త్రి అరిచాడు, బతిమాలాడు, రిపోర్టు రాస్తానని బెదిరించాడు. వాడు నవ్వుతూ నిలబడ్డాడు. మామ కాస్త దూరంలో మాకు వీపు పెట్టి తూర్పుకు తిరిగి ఉన్నాడు. ఎదురుగా ఎండ కళ్ళల్లోకి కొడుతోంది. ఈ గోల ఆయనకు ఎంత వినబడిందో, అల్లుడు లైను మీదే ఉన్నాడని తెలిసిందో లేదో నాకు తెలియదు. నేను ఆయన వైపు రెండడుగులు వేసేసరికి అరక్కోణం వైపు నుంచి పక్క లైను మీద గూడ్సు వచ్చేసింది.

గూడ్సు అంటే మామూలు సద్దు కాదు. ఇనుము, బొగ్గు, ఒకదాని వెనక ఒకటి తెగని పెట్టెలు. నేల అదురుతుంది, పక్కవాడి మాట వినబడదు. నేను గూడ్సును చూడలేదు. తిరువళ్ళూరు వైపు పట్టాలు తిరిగే వంపు వైపే చూస్తున్నాను. వంపు దగ్గర తెల్లటి మంచులో ఒక వెలుగు పుట్టింది. లోకల్. మా లైను మీదే.

ఇప్పుడు ఊదాలి. మామ ఊదలేదు. విజిల్ పెదాల మధ్య పెట్టుకుని, మెడ సాచి, నేరుగా ఆ బండి వైపే చూస్తున్నాడు. చూస్తున్నాడు, అంతే. లోకల్ హారన్ కొట్టింది. గూడ్సు హారనూ అప్పుడే మోగింది. ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది?

నేను ఊదాను. నాది ప్లాస్టిక్ విజిల్, దాని గొంతు వేరు. అల్లుడు నా వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. నీది కాదు, మామది రావాలి అన్నట్టు వేలు చూపించాడు. ఊపిరి తీయకుండా మళ్ళీ ఊదాను. మావాళ్ళంతా చేతులు ఊపుతూ అరుస్తున్నారు. గూడ్సు రొదలో నోళ్ళు తెరుచుకోవడమే కనబడుతోంది. వాడు నవ్వుతూనే ఉన్నాడు. మేమంతా కలిసి వాణ్ణి భయపెట్టి పందెం చెడగొడుతున్నామని అనుకున్నాడట, తరువాత మామతో చెప్పాడు. వాడి వెనక లోకల్ ముఖం పెద్దదవుతోంది. దేవుడా, మళ్ళీనా, అదీ ఈసారి నా కళ్ళ ముందేనా అనుకున్నాను. కాళ్ళు రాలేదు. నోట్లో గాలి మాత్రం వచ్చింది. ఊదుతూనే ఉన్నాను.

అప్పుడు మామ తల నా విజిల్ వైపు తిరిగింది.

ఆ ముఖం నేను చచ్చేదాకా మరిచిపోను. వెనక్కి తిరిగి బండి వైపు చూశాడు, ఏమీ లేనట్టు చూశాడు. అయినా ఇత్తడి విజిల్‌ను రెండు చేతులతో పట్టుకుని ప్రాణమంతా పెట్టి ఊదాడు. అల్లుడు రెండంగల్లో లైను దిగాడు. లోకల్ మా ముఖాల మీద గాలి కొడుతూ వెళ్ళిపోయింది. ఎవరిదో తువ్వాలు ఎగిరి కంకరలో పడింది. ఆ వెనకే గూడ్సు కూడా అయిపోయింది.

అల్లుడు చప్పట్లు కొట్టాడు. "చూసినారా! ఊదినాడా లేదా? ఇప్పుడేమంటావు అక్కా?"

ఒకరిద్దరు "అదీ మామంటే" అన్నారు. మేస్త్రి గుండె మీద చెయ్యి వేసుకుని కంకరలో కూలబడ్డాడు. నాకు వాడు బతికినందుకు సంతోషం, మరుక్షణమే భయం. ఇక నా మాట ఎవరూ నమ్మరు. రేపటి నుంచి ఈ ఎనిమిది మందీ మామను నమ్మి వీపులు వంచుతారు. మామ ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు, నాలుగు నెలలు, దండ, పరువు, అన్నీ ఆయనవే.

మామ కాలితో కంకర తడుముకుంటూ మా దగ్గరికి వచ్చాడు. అల్లుడి గొంతు విని అటు తిరిగాడు.

"ఒరే, నేను చూళ్ళేదురా."

"ఏమంటా ఉండావు మామా?"

"బండి నాకు అగపడలా. నువ్వు లైన్ మిందుండేదీ తెలీదు. పాప ఊదింది ఇన్నా. పాప ఊరికే ఊదదు. అందుకే నేనూ ఊదినా. ఇన్నాళ్ళూ చెవుల్తోనే కాసినా మిమ్మల్ని."

అల్లుడు నవ్వు ముఖంతోనే అలా ఉండిపోయాడు. మామ చెయ్యి చాచి వాడి చొక్కా దొరకబుచ్చుకుని, చెంప మీద ఒక్కటి పీకాడు.

"నా మింద నమ్మకమని నా బిడ్డ తాళి తీసుకొచ్చి పట్టాల మింద పెడతావా, ముండాకొడకా? పాప నోరెండేట్టు ఊదతా ఉంటే నీకు ఇనపడలా?"

కొట్టిన చేత్తోనే వాణ్ణి కావలించుకుని ఏడ్చేశాడు. ఇద్దరూ కంకర మీదే కూర్చుండిపోయారు. ఆ పూట ఎవరూ గడ్డపార ముట్టలేదు.

లుక్ ఆఫ్టర్ మేస్త్రి మామను కంటి పరీక్షకు పంపాడు. ఆ మెత్తని మనిషి ధైర్యంగా చేసిన పని అదొక్కటే, ఆయన్ను మెచ్చుకోవాలి. తీరా చూస్తే రెండు కళ్ళకూ శుక్లాలు. అన్‌ఫిట్టూ లేదు, ఇంటికి తోలడమూ లేదు. ఆపరేషన్ చేసి, మిగిలిన సర్వీసంతా సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. ఈ చిన్న సంగతి ముందే ఎవరినైనా అడిగుంటే పోయేది. గ్యాంగులో మేము భయాన్ని ఒకరికొకరు పంచుకున్నంత బాగా మంచి కబురు పంచుకోలేదు.

కట్టు విప్పాక చూడ్డానికి వెళ్ళాను. నల్లద్దాలు ఎత్తి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందే పాపా, తలంతా ఇట్ట నెరిసిపోయింది! నిన్ను ఇంకా వయసుపిల్లే అనుకుంటా ఉంటినే!" అన్నాడు. ఆయన నన్ను సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది. నవ్వాను. ఇంటికొచ్చి మాత్రం అద్దం ముందు కాసేపు కూర్చున్నాను.

అల్లుడు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. కోపం కాదు, సిగ్గు. ఎదురుపడితే తల వంచుకుని వెళ్ళిపోయేవాడు. నేనూ కదిలించలేదు. ఆ ఆనవాయితీ మాత్రం ఆ రోజుతో పోయింది. ఒంట్లో బాగాలేనివాళ్ళను చెట్టు నీడన కూర్చోబెట్టి, వాళ్ళ పని మిగతావాళ్ళు పంచుకునేవారు. లుక్ అవుట్ మాత్రం కళ్ళూ చెవులూ నిద్రా సరిగ్గా ఉన్నవాళ్ళదే. తిరువళ్ళూరు వైపు ఇక నేనే నిలబడ్డాను.

పిల్లలూ, ఒక్క మాట చెబుతాను. విజిల్ వినగానే ఎవరైనా ముందు చేసే పని ఏమిటో తెలుసా? తల తిప్పి చూడటం. బండి నిజంగా వస్తోందా, ఎంత దూరంలో ఉంది, ఇంకొక దెబ్బ వేయొచ్చా అని. ఎంత చెప్పినా ఆ చూపు మానరు. నేనూ మానలేదు, మా ఆయన కూడా మానలేదేమో.

తరువాతి వానాకాలం. ముసురు పట్టిన పొద్దున, వంపు దగ్గర వెలుగు కనబడింది. ఏ లైనో తేలలేదు. తేలేదాకా ఆగడం నా పద్ధతి కాదు. ఊదాను. బరువైన జాకీని అప్పుడే పట్టా కింద బిగించారు. దాన్ని ఊడదీసి లైను దించడమంటే నడుములు విరుగుతాయి. తిట్టుకుంటూ దించారు. బండి చూస్తే అవతలి ఫాస్ట్ లైను మీద వెళ్ళిపోయింది.

"ఏమక్కా, మన బండి కాదు కదా! వట్టి పుణ్యానికి దింపినావు" అని ఒకడు సణిగాడు.

అప్పటికి అందరికంటే ముందు దిగి పక్కన నిలబడి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నవాడు అల్లుడు. ఇన్ని నెలల తరువాత నా గురించి వాడు నోరు విప్పింది అప్పుడే.

"అక్క ఊదింది, దిగినాం. రాకుంటే ఇంకా మంచిదే కదరా. పట్టు జాకీని."

మాట్లాడినంతసేపూ వాడు ఒక్కసారైనా వంపు వైపు తల తిప్పలేదు. అటు చూడటం నా పని.